సాక్ష్యం చెప్పలేని తల్లులు: మన్యంలో ప్రత్యేక అవసరాల పిల్లలు, విశ్వాసం, సంఘం

చాలా సంఘాల్లో ఆదివారం ఆరాధనలో సాక్ష్యాల సమయం ఒకటుంటుంది. జ్వరం తగ్గినవాళ్లు, పరీక్ష గట్టెక్కినవాళ్లు, తప్పిపోయిన ఎద్దు దొరికినవాళ్లు ఒక్కొక్కరే లేచి దేవుడికి స్తోత్రం చెబుతారు. మెడ నిలవని బిడ్డను ఒళ్లో పెట్టుకున్న తల్లి మాత్రం లేవదు. ప్రార్థన పెట్టించింది, ఉపవాసం ఉంది, బిడ్డ తలకు నూనె రాయించింది. బిడ్డ ఎలా ఉన్నవాడు అలాగే ఉన్నాడు. ఆ తల్లికి సంఘం ఏమివ్వగలదు, ఏమి ఇవ్వకూడదు? రంపచోడవరం లాంటి కొండప్రాంతాన్ని ముందుపెట్టుకుని అడిగితే ఈ ప్రశ్నకు జవాబులు చాలానే వస్తాయి గానీ, ఒక జవాబు ఇంకొకదాని చెవిన పడదు.

ప్రార్థన పేరుతో మందులు మానిపిస్తున్నారని వైద్యులు అంటారు. మందు దొరకని చోట మేమున్నాం, మీరెక్కడున్నారని పాస్టర్లు అడుగుతారు. ఇదంతా ప్రభుత్వం చేయాల్సిన పని, మతానికేం సంబంధమని హక్కుల కార్యకర్తలు. సాయం పేరుతో మతం మారుస్తున్నారని మరికొందరు. వికలాంగులను దయతో చూడటమే అసలు తప్పని, వాళ్లు సంఘానికి అవయవాలని వేదాంతులు. ఎవరి మాటలోనూ పూర్తిగా అబద్ధం లేదు. అయితే ఈ వాదాలన్నీ బిడ్డ ఒంటి చుట్టూ, దేవుడి శక్తి చుట్టూ, లేదంటే రాజ్యాంగం చుట్టూ తిరిగినంతగా తల్లి రోజు చుట్టూ తిరగలేదు. ఆమెకు రోజులో ఎన్ని గంటలు మిగులుతున్నాయి, వారంలో ఎన్ని కిలోమీటర్లు బిడ్డను మోయాల్సి వస్తోంది అన్న కొలతతోనే ఇక్కడ అన్ని పక్షాలనూ చూద్దాం.

మిషన్లు ఎక్కని కొండ

గోదావరి జిల్లాల్లో ప్రొటెస్టంట్ క్రైస్తవం పల్లంలో వేళ్లూనింది. 1836లో వచ్చిన విలియం బౌడెన్, జార్జ్ బీర్ కుటుంబాలు నర్సాపురం వైపు గోదావరి డెల్టా మిషన్‌కు పునాది వేశాయి. 1845లో జర్మనీ నుంచి వచ్చిన వాలెట్ రాజమండ్రిలో లూథరన్ పని మొదలుపెట్టాడు. తర్వాత అది అమెరికన్ లూథరన్ల చేతికి వచ్చి, 1927లో ఆంధ్ర సువార్త లూథరన్ సంఘంగా, అంటే మనం ఏఈఎల్‌సీ అనే సంస్థగా రూపుకట్టింది. 1874లో కెనడియన్ బాప్టిస్టులు కాకినాడలో దిగారు. కొండవైపు చూసినవాళ్లు తక్కువ. ఎగువ గోదావరి పనుల మీదున్న ఇంజనీరు హేగ్ చొరవతో 1860ల్లో దుమ్ముగూడెంలో కోయల మధ్య మిషన్ మొదలైంది. అక్కడ దీర్ఘకాలం పనిచేసిన జాన్ కెయిన్ కోయల ఆచారాల మీద రాసినవి ఇప్పటికీ పరిశోధకులు తిరగేస్తారు. దుమ్ముగూడెం ఉన్న భద్రాచలం ప్రాంతం 1959 వరకు తూర్పు గోదావరి జిల్లాలోనే ఉండేది కాబట్టి ఆ చరిత్ర రంపచోడవరానికి పరాయిది కాదు.

ఈ మిషన్లు వదిలివెళ్లిన ఆస్తి ప్రధానంగా రెండు రకాలు: ఆసుపత్రులు, ఆశ్రమాలు. 1883లో గుంటూరు వచ్చిన డాక్టర్ అన్నా కుగ్లర్ పేరున్న ఆసుపత్రి మొదటి రకానికి అందరికీ తెలిసిన ఉదాహరణ. కుష్ఠు రోగులకు, అనాథలకు, అంధులకు కట్టినవి రెండో రకం. రెండింటిలోనూ పద్ధతి ఒకటే. అవసరంలో ఉన్న మనిషిని ఇంటి నుంచి తీసుకొచ్చి గోడల మధ్య ఆదరించడం. బుద్ధి ఎదగని పిల్లవాడు ఆ జాబితాలో పెద్దగా కనపడడు. తెలుగునాట ఆ పిల్లల కోసం పేరుపడ్డ తొలి సంస్థల్లో ఒకటైన ఠాకూర్ హరిప్రసాద్ సంస్థ 1968లో హైదరాబాదులో వచ్చింది. కేంద్ర ప్రభుత్వం 1984లో సికింద్రాబాదులో జాతీయ మానసిక వికలాంగుల సంస్థను పెట్టింది. కాకినాడలోని ఉమా మనోవికాస కేంద్రం కూడా చర్చి నీడలో పుట్టింది కాదు. ఈ విషయంలో సంఘం ముందు నడిచిందని చెప్పుకోవడానికి చరిత్ర పెద్దగా సహకరించదు.

కొండ మీద అలాంటి సంస్థలు కట్టకపోవడానికి ఇంకో కారణం ఉంది. చర్చి చర్చల్లో దాన్ని ఎవరూ ప్రస్తావించరు. ఏజెన్సీలో గిరిజనేతరులకు భూమి బదిలీ చెల్లదని 1959 నాటి నిబంధన, దాన్ని గట్టిపరిచిన 1970 నాటి 1/70 చట్టం చెబుతాయి. 1997లో సుప్రీంకోర్టు ఇచ్చిన సమతా తీర్పు దానికి ఇంకాస్త బలమిచ్చింది. గిరిజనుల భూమికి ఆ చట్టం కంచె, అందులో వాదనే లేదు. కానీ పల్లంలోని మిషన్ సంస్థ ఒకటి కొండ మీద ప్రత్యేక పాఠశాల కట్టుకోవాలంటే అదే కంచె అడ్డం వస్తుంది. అందువల్ల అలాంటి బడులు రాజమహేంద్రవరంలోనో, కాకినాడలోనో ఉంటాయి. బడి కొండెక్కదు కాబట్టి పిల్లవాడు కొండ దిగాలి. దిగితే తల్లికి దూరమవుతాడు, దిగకపోతే బడికి దూరమవుతాడు.

గత కొన్ని దశాబ్దాల్లో ఏజెన్సీ పల్లెల్లో పెరిగినవి ఎక్కువగా స్వతంత్ర సంఘాలు. రేకుల షెడ్డు, ఒక దంపతుల సేవ, ఇరవై ముప్పై కుటుంబాలు. వీటికి బిషప్పులు లేరు, సినడ్లు లేవు. పైన తీర్మానం చేస్తే కిందికి దిగే మెట్లు లేవు. తర్వాత చెప్పబోయే వేదాంత చర్చలు వీటి గుమ్మం దాకా ఎందుకు రావో ఇక్కడే అర్థమవుతుంది.

పేర్లు, చట్టాలు, దూరాలు

ఆ పిల్లలను పిలిచే పేర్లు మూడు తరాల్లో చాలాసార్లు మారాయి. వికలాంగులు అన్నాం. ప్రభుత్వ శాఖకు విభిన్న ప్రతిభావంతులు అని పేరు పెట్టుకున్నాం. ప్రధాని నోట 2015 డిసెంబరులో దివ్యాంగ్ అనే మాట వచ్చాక దివ్యాంగులు అంటున్నాం. బడి కాగితాల్లో ప్రత్యేక అవసరాలు గల పిల్లలు. ఊళ్లో మాత్రం పిచ్చోడు, మూగోడు, కుంటిది అన్న మాటలు అలాగే నడుస్తున్నాయి. చర్చిలో వాడే మాట ఇంకోటి: ‘బలహీనతలో ఉన్న బిడ్డ’. జ్వరానికీ అదే మాట, పుట్టుకతో వచ్చిన స్థితికీ అదే మాట. తగ్గేదానికీ తగ్గనిదానికీ తేడా ఈ మాటలో కలిసిపోతుంది. గందరగోళంలో సగం ఇక్కడే మొదలవుతుందని నా అనుమానం.

చట్టం మాత్రం బాగా ముందుకు నడిచింది. 1995 చట్టం ఏడు రకాల వైకల్యాలను గుర్తిస్తే, 2017 ఏప్రిల్ 19 నుంచి అమల్లోకి వచ్చిన 2016 చట్టం ఇరవై ఒకటిని గుర్తించింది. ఆటిజం, సెరిబ్రల్ పాల్సీ, బుద్ధిమాంద్యం ఉన్న ఆ జాబితాలో సికిల్ సెల్, తలసీమియా కొత్తగా చేరాయి. సికిల్ సెల్ ఉన్న పిల్లలకు పక్షవాతం వచ్చే ప్రమాదం ఉంది కాబట్టి ఏజెన్సీకి ఈ చేర్పు చిన్నది కాదు. ఆ జబ్బు నిర్మూలనకు 2023 జులై 1న జాతీయ కార్యక్రమం కూడా మొదలైంది. వైకల్యం ఉందన్న కారణంతో బిడ్డను తల్లిదండ్రుల నుంచి వేరు చేయకూడదు, చేయాలంటే కోర్టు ఉత్తర్వు ఉండాలి అని 2016 చట్టం తొమ్మిదో సెక్షన్ అంటుంది. బడి విషయానికొస్తే మండలాల్లో భవిత కేంద్రాలున్నాయి. కదలలేని పిల్లలకు ఇంటి దగ్గరే చదువు చెప్పే ఏర్పాటూ ఉంది. 2024 జులై నుంచి ఆంధ్రప్రదేశ్‌లో వికలాంగుల పింఛను నెలకు 6 వేల రూపాయలు. మంచానికో చక్రాల కుర్చీకో పరిమితమైనవాళ్లకు 15 వేలు.

ఇవన్నీ అందాలంటే ముందు వైకల్యాన్ని ధ్రువీకరించే సదరం సర్టిఫికెట్ కావాలి. గ్రామ సచివాలయంలోనో మీసేవలోనో స్లాట్ దొరకాలి. బుద్ధిమాంద్యమైతే ఆ రోజు మానసిక వైద్యుడు ఉన్న శిబిరానికే పోవాలి. రంపచోడవరంలో ఏరియా ఆసుపత్రి, ఐటీడీఏ ఉన్నాయి గానీ, పెద్ద నిపుణుడి కోసం రాజమహేంద్రవరమో కాకినాడో దిగాల్సిందే. 2022 ఏప్రిల్‌లో అల్లూరి సీతారామరాజు జిల్లా ఏర్పడి పాడేరు జిల్లా కేంద్రమయ్యాక, కలెక్టరేట్ పని పడితే కొండలన్నీ చుట్టి పోవాల్సి వచ్చింది. ఆ బాధ రాజధాని దాకా వినపడి, రంపచోడవరం కేంద్రంగా పోలవరం జిల్లా పెట్టాలని 2025 చివర్లో ప్రభుత్వం నిర్ణయించింది. అయితే మారేడుమిల్లి పైనున్న కొండరెడ్డి గూడెం నుంచి రోడ్డు దాకా బిడ్డను మోసుకొచ్చే దూరం ఏ జిల్లాలో చేరినా తగ్గదు.

స్వస్థత పక్షం: నలుగురు మోసిన మంచం

మన్యంలో బాగా బలంగా వినిపించే గొంతు ఇదే. దేవుడు స్వస్థపరుస్తాడు, ప్రార్థించండి. యాకోబు పత్రికలో పెద్దలు నూనె రాసి ప్రార్థించమన్న మాట, సువార్తల్లోని అద్భుతాలు దీనికి ఆధారం. పల్లంలో జరిగే పెద్ద స్వస్థత కూటాలు, టీవీ చానళ్లు, ఇప్పుడు సెల్‌ఫోన్లో వచ్చే వీడియోలు దీన్ని కొండ చివరిదాకా చేరవేస్తున్నాయి.

పట్టణంలో కూర్చుని దీన్ని మూఢనమ్మకమని కొట్టేయడం తేలిక. దాని బలమేమిటో ముందు ఒప్పుకోవాలి. ఈ కొండల్లో బిడ్డకు మూర్ఛ వస్తే, మాట రాకపోతే, మొదట వచ్చే అనుమానం చిల్లంగి, అంటే చేతబడి. ఎవరో చేశారు. ఎవరు? కోయ గూడెంలో వెజ్జి దగ్గరకో, పూజారి దగ్గరకో పోతే ‘ఎవరు’ అన్న ప్రశ్నకు జవాబు దొరుకుతుంది. ఆ జవాబు ఒక్కోసారి ముసలి పొరుగువాడి మీదికి పోతుంది, గొడ్డలి దాకా పోతుంది. మానవశాస్త్రవేత్త హైమెండార్ఫ్ 1945లో అచ్చువేసిన కొండరెడ్ల పుస్తకంలో కూడా చేతబడి భయం గురించిన పుటలు తక్కువేమీ కాదు. పాస్టరు ప్రార్థన ‘ఎవరు చేశారు’ అన్న ప్రశ్నను పక్కకు నెట్టి ‘ఎవరు బాగుచేస్తారు’ వైపు తిప్పుతుంది. పొరుగింటి ముసలాడి ప్రాణం దక్కడం చిన్న లాభం కాదు. ఇంకోటి. ఊరు ముట్టుకోవడానికి జంకే బిడ్డ తల మీద చెయ్యి వేసేది ఆ పాస్టరే. ఆ స్పర్శ తల్లికి ఏమవుతుందో లెక్కల్లో రాదు.

నష్టాలూ అంతే స్పష్టం. వైద్యుల ప్రధానమైన అభియోగం మూర్ఛ మందుల గురించి. మూర్ఛకు వాడే పాత మాత్రలు చవకైనవి, చాలామందిలో పనిచేసేవి. విశ్వాసంతో ఒక్కసారిగా ఆపేస్తే ఆగకుండా మూర్ఛలు వచ్చి ప్రాణం పోవచ్చు, లేదా మెదడు ఇంకా దెబ్బతినొచ్చు. ఇది అభిప్రాయభేదం కాదు, ప్రమాదం. గుడ్డితనం, చెవుడు, మూర్ఛ, పక్షవాతం లాంటి వాటికి మహిమలతో చికిత్స అని ప్రకటనలివ్వడాన్ని 1954 నాటి కేంద్ర చట్టం ఒకటి నేరంగా చూస్తుంది. గోడ మీద పోస్టరుకు అది వర్తిస్తుందేమో గానీ, పూరిపాకలో చేసే ప్రార్థనకు అది అడ్డు కాదు, కాకూడదు కూడా.

రెండో నష్టం తల్లి మీద పడుతుంది. బాగవకపోతే ఎవరి విశ్వాసం చాలలేదు? మాటలు రాని బిడ్డది కాదు కదా. చూపులన్నీ తల్లి వైపే తిరుగుతాయి. ఈ పక్షం ఎక్కువగా బోధించే కథలోనే దీనికి జవాబుందన్నది నా వాదన. మార్కు సువార్తలో పక్షవాయువు రోగిని నలుగురు మంచం మీద మోసుకొస్తారు. జనం అడ్డమైతే ఇంటి కప్పు విప్పి కిందికి దించుతారు. యేసు చూసింది ఆ మోసినవాళ్ల విశ్వాసం. రోగి ఎంత నమ్మాడో, అతని తల్లి ఎంత నమ్మిందో కథ అడగదు. నాలుగు భుజాల మీద మంచం అంటే ఏమిటో మన్యానికి ఎవరూ విప్పి చెప్పనక్కర్లేదు. నిండు గర్భిణిని డోలీ కట్టి దింపే ఊళ్లివి. ఆ కథ ప్రకారం పరీక్ష సంఘానికే: మోయడానికి ఎంతమంది వచ్చారు?

శిక్ష అనే నీడ

దీన్ని పక్షమని పిలవడం కష్టం, ఎందుకంటే పుల్పిట్ మీద ఎవరూ దీన్ని ఒప్పుకోరు. అయినా గుసగుసల్లో బతికే ఉంది: తల్లిదండ్రుల పాపం, మేనరికం చేసుకున్న ఫలితం, వదిలేసిన మొక్కు, పూర్వజన్మ కర్మ. పుట్టు గుడ్డివాడి విషయంలో శిష్యులు ఇలాగే అడిగితే యేసు ఆ ప్రశ్ననే తోసిపుచ్చాడని యోహాను తొమ్మిదో అధ్యాయం చెబుతుంది. అదే బైబిల్లో అవయవలోపం ఉన్న యాజకుడు బలిపీఠం దగ్గరికి రాకూడదన్న లేవీయకాండ నియమం కూడా ఉంది. మేనరికం వల్ల కొన్ని జన్యు సమస్యల అవకాశం పెరుగుతుందని వైద్యం చెప్పే మాట నిజమే. ఆ నిజం పాస్టరు నోట శాపంగా మారితే తల్లి ఇంకోసారి చర్చికి రాదు. దీని గురించి ఇంతకంటే చెప్పేదేం లేదు.

దయా, అవయవమా?

సేవ పక్షం బాగా తెలిసిందే: చక్రాల కుర్చీ, క్రిస్మస్‌కు బట్టలు, బియ్యం, ఒక ఫోటో. దీన్ని ఎగతాళి చేయడం ఈమధ్య ఫ్యాషనైంది. బియ్యం లేని ఇంట్లో బియ్యం ఎగతాళి కాదు. కాకపోతే కొండదారిలో నడవని చక్రాల కుర్చీ ఇంటి మూల కోళ్లకు గూడవుతుంది. ఇచ్చేవాడు ఊరు చూడకుండా ఇస్తే జరిగేది అదే.

దీనికి ఎదురుగా నిలిచింది వికలాంగ వేదాంతం. అమెరికాలో నాన్సీ ఐస్‌లాండ్ 1994లో రాసిన ‘ది డిసేబుల్డ్ గాడ్’ దీనికి మూలస్తంభం. లేచిన క్రీస్తు ఒంటిమీద గాయాలు అలాగే ఉన్నాయి కాబట్టి, బాగవడమే పరిపూర్ణత అన్న లెక్క తప్పని ఆమె వాదం. బలహీనంగా కనపడే అవయవాలే లేకపోతే కుదరనివన్న కొరింథీ పత్రిక మాట, రాజు బల్ల దగ్గర రోజూ భోంచేసిన కుంటి మెఫీబోషెతు కథ ఈ పక్షానికి ఇష్టమైనవి. చివరిదాకా మెఫీబోషెతు కాళ్లు బాగవవు. బల్ల దగ్గర అతని చోటు మాత్రం పోదు. ప్రపంచ చర్చిల మండలి 1998లో వికలాంగుల కోసం ఒక వేదిక పెట్టి, 2003లో, మళ్లీ 2016లో దీని మీద పత్రాలు వెలువరించింది. మన దేశంలో వెన్ను దెబ్బతిన్నాక వెల్లూరులో చక్రాల కుర్చీలోంచే శస్త్రచికిత్సలు చేసిన డాక్టర్ మేరీ వర్గీస్ జీవితం ఏ పత్రం కంటే గట్టి వాదన. సాయం అందుకునే మనిషే సాయం చేసే మనిషి కూడా.

ఈ పక్షానికీ దాని గాయం ఉంది. బుద్ధిమాంద్యం ఉన్నవాళ్లతో కలిసి బతికే ‘లార్ష్’ సమాజాన్ని జాన్ వానియే 1964లో ఫ్రాన్స్‌లో మొదలుపెట్టాడు. బెంగళూరులో దాని శాఖ ఆశానికేతన్ 1970లోనే వచ్చింది. ఒక తరమంతా ఆయన పుస్తకాలతో పెరిగింది. ఆయన పోయాక, 2020 ఫిబ్రవరిలో, ఆధ్యాత్మిక మార్గదర్శనం పేరుతో ఆయన పలువురు స్త్రీలను లైంగికంగా వాడుకున్నాడని ఆ సంస్థ స్వయంగా చేయించిన విచారణ తేల్చింది. ఆ స్త్రీలు వికలాంగులు కారు. అయినా పాఠం మిగిలే ఉంది. ఒక మహాత్ముడి చుట్టూ కట్టిన ఆదరణలో తలుపులకు గడియలు ఎవరి చేతిలో ఉన్నాయో అడగాల్సిందే. రిజిస్ట్రేషన్ లేకుండా పిల్లలను ఉంచుకునే ఇళ్లు చట్టానికి విరుద్ధమని పదేపదే చెప్పాల్సి రావడానికి కారణమూ అదే.

రొట్టె ఎవరికి?

పైకి చిన్నదిగా కనపడుతుంది గానీ, తల్లుల మనసు ఎక్కువగా గాయపడేది ఈ ప్రశ్న దగ్గరే అని నాకనిపిస్తుంది. బుద్ధి ఎదగని బిడ్డకు బాప్తిస్మం ఇవ్వొచ్చా? ప్రభువు బల్ల దగ్గర రొట్టెలో పాలు ఇవ్వొచ్చా?

లూథరన్లు, సీఎస్ఐ, కేథలిక్కులు పసిబిడ్డలకు బాప్తిస్మం ఇస్తారు. అక్కడ మొదటి మెట్టు చిక్కులేకుండా దాటుతుంది, ఇబ్బంది రెండో మెట్టు దగ్గర. పాఠాలు నేర్చి ఒప్పుకోలు చెప్పాకే రొట్టె అంటే, మాటలు రాని పిల్లవాడు పద్దెనిమిదేళ్లకూ బల్ల బయటే ఉంటాడు. కేథలిక్కుల్లో 1910లో పదవ పయస్ పోపు వయసు అడ్డంకిని తగ్గించాడు. మామూలు రొట్టెకూ ఈ రొట్టెకూ తేడా ఏదో ఒక తీరున తెలిస్తే చాలన్న ధోరణి అక్కడ బలపడుతూ వచ్చింది. బ్రదరెన్, బాప్టిస్టు, పెంతెకొస్తు సంఘాల్లో నమ్మి, నోటితో ఒప్పుకుని, నీళ్లలో మునిగితేనే సభ్యత్వం. ఏజెన్సీలో ఎక్కువ పల్లెలు ఈ ధోరణిలోనే ఉన్నాయి కాబట్టి చిక్కు కూడా ఇక్కడే ముదురుతుంది. ‘వాడు పాపం ఎరగడు, నేరుగా పరలోకానికే పోతాడు, బాప్తిస్మం ఎందుకు’ అని పాస్టరు ఓదారుస్తాడు. మాట మెత్తగానే ఉంటుంది. తల్లి చెవికి మాత్రం అది వేరేలా వినపడుతుంది: మావాడు సంఘంలో లెక్క కాదు. చచ్చాక సమాధి ఎక్కడన్న ప్రశ్న కూడా సభ్యత్వంతో ముడిపడిన చోట్ల ఇది వేదాంతం దాటి బతుకులోకి వస్తుంది. విశ్వాసుల బాప్తిస్మం పాటించే సంఘాలు తమ సిద్ధాంతం వదలకుండానే ఈ ముడి విప్పగలవా అన్నది తెలుగు వేదాంత కళాశాలలు ఇంకా సీరియస్‌గా పట్టించుకోవాల్సిన ప్రశ్న.

తల్లి రోజు

మతం వల్ల తల్లిదండ్రులకు మేలా కీడా అన్నదానిపై మనస్తత్వ శాస్త్రం ఇచ్చిన ఉపయోగకరమైన భేదం కెన్నెత్ పార్గమెంట్‌ది. ఆయన 1997 నాటి పుస్తకం ఈ రంగంలో ప్రామాణికం. దేవుడు నాతో ఉన్నాడు అనుకుని తట్టుకునే తీరు ఒకటి, దేవుడు నన్ను శిక్షిస్తున్నాడు, వదిలేశాడు అనుకుని నలిగే తీరు ఇంకొకటి. మొదటిది ఊరట, రెండోది దిగులు. రెండూ విశ్వాసాలే. ‘విశ్వాసం మంచిదా’ అని అడగడం అందుకే పనికిరాదు, ఆదివారం ఆమె ఏ రకం విశ్వాసంతో ఇంటికి పోతోంది అని అడగాలి. అమెరికాలో వికలాంగ పిల్లల తల్లిదండ్రుల మీద 2013లో వచ్చిన ఒక అధ్యయనంలో దాదాపు మూడో వంతు మంది, తమ బిడ్డను కలుపుకోలేదన్న కారణంతో ప్రార్థనాస్థలం మార్చామన్నారు. అక్కడ మారడానికి ఇంకో చర్చి ఉంటుంది. గూడేనికి ఒకటే ఉన్న చోట మారడం అంటే మానడమే.

మన్యంలో సంఘానికి ఉన్న ప్రత్యేక బలం అద్భుతాల్లో లేదు, హాజరులో ఉంది. ఆశా కార్యకర్తను, అంగన్‌వాడీని పక్కన పెడితే, నడిచిపోయేంత దూరంలో ప్రతివారం తప్పకుండా కలిసే గుంపు చాలా గూడేల్లో ఇదొక్కటే. ఫిజియోథెరపిస్టు శిబిరం రోజున వస్తాడు. పాస్టరమ్మ రోజూ ఉంటుంది. కాళ్లు బిగుసుకుపోయిన బిడ్డకు రోజూ చేయించాల్సిన కదలికలు నేర్చుకుంటే ఆమె తల్లికి చూపించగలదు. ఆరాధన జరిగే రెండు గంటలు ఎవరో ఒకరు బిడ్డను ఎత్తుకుంటే వారంలో తల్లికి దక్కే విరామం అదే కావచ్చు. సదరం స్లాట్ వచ్చిన రోజు ఇద్దరు తోడుగా రంపచోడవరం బస్సెక్కితే, ఆమెకు ఆ ఏడాది అంతకు మించిన ప్రార్థన ఉండదు. ఇవేవీ వేదాంతం మార్చుకోమని అడగవు. స్వస్థతను నమ్మే సంఘమూ చేయొచ్చు, నమ్మనిదీ చేయొచ్చు. తండ్రుల మాట కూడా ఎత్తాలి. సంఘం మాట్లాడేది దాదాపు ఎప్పుడూ తల్లితోనే. కూలికి పోయి రాత్రికి వచ్చే తండ్రి సారా వైపు జారితే దాన్ని వేరే పాపంగా చూస్తారు తప్ప ఈ బరువుతో కలిపి చూడరు.

డబ్బు, అనుమానం

విదేశీ విరాళాల మీద నడిచిన ఆదరణ ఇప్పుడు ఇరుకునపడింది. మన దేశంలో దాదాపు లక్షన్నర మంది పిల్లలకు చర్చిల ద్వారా సాయం చేసిన కంపాషన్ ఇంటర్నేషనల్ 2017 మార్చిలో తట్టాబుట్టా సర్దుకుంది. 2020లో విదేశీ విరాళాల చట్టం ఇంకా బిగిసి, ఒక సంస్థకు వచ్చిన డబ్బు ఇంకో సంస్థకు బదిలీ చేయడం ఆగిపోయింది. పట్నంలో పెద్ద సంస్థ, కొండ మీద చిన్న సంఘం అన్న గొలుసు అక్కడే తెగింది. దీన్ని అణచివేత అనేవాళ్లున్నారు, పారదర్శకత అనేవాళ్లున్నారు.

మతమార్పిడి అనుమానం సంగతి ఇంకా సున్నితం. ఎస్టీలకు మతం మారినా హోదా పోదు. ఎస్సీలకు 1950 నాటి ఉత్తర్వు ప్రకారం క్రైస్తవం స్వీకరిస్తే పోతుంది. మతం మారిన గిరిజనులను జాబితా నుంచి తీసేయాలన్న ఆందోళన కొన్నేళ్లుగా నడుస్తోంది. ఈ వాతావరణంలో, బిడ్డ కోసం ఎటు పోవడానికైనా సిద్ధంగా ఉన్న తల్లి దగ్గరికి సాయంతో వెళ్లడం ప్రలోభమవుతుందా? విమర్శకుల ప్రశ్నను తోసేయడం సరికాదు. ఆశ తెగిన మనిషి ‘సరే’ అన్నప్పుడు అది ఎంత సమ్మతి అన్నది చర్చి కూడా వేసుకోవాల్సిన ప్రశ్నే. ఒక గీటురాయి మాత్రం అందరికీ అందుబాటులో ఉంది. బాప్తిస్మం తీసుకోని, గంగాలమ్మకు మొక్కే పొరుగింటి బిడ్డను కూడా అదే బస్సులో శిబిరానికి తీసుకెళ్తున్నారా, లేదా?

పోల్చి చూస్తే

సెరిబ్రల్ పాల్సీ ఉన్న ఎనిమిదేళ్ల పిల్లవాడిని ప్రతి పక్షం ముందూ ఒకసారి కూర్చోబెట్టి చూద్దాం. స్వస్థత పక్షం వాడిని ముట్టుకుంటుంది, ఆశ ఇస్తుంది, గడువు కూడా పెడుతుంది. గడువు దాటితే తల్లి దోషి. సేవ పక్షం కుర్చీ ఇస్తుంది. కుర్చీ విరిగిన రోజు ఫోనెత్తదు. అవయవ పక్షం వాడికి బల్ల దగ్గర చోటిస్తుంది, కానీ దాని పుస్తకాలు ఇంగ్లీషులో, దాని సదస్సులు నగరాల్లో. ప్రభుత్వం హక్కుగా పింఛను, బడి, సర్టిఫికెట్ ఇస్తుంది, వాటి వెనక దూరాన్నీ ఇస్తుంది. హక్కుల కార్యకర్త ఆ దూరం మీద కొట్లాడతాడు, ఈలోగా మంగళవారం బిడ్డను ఎవరు ఎత్తుకోవాలో చెప్పడు. దుర్మార్గంతో తయారైన లోటు ఎవరి దగ్గరా లేదు. ప్రతి పక్షానికీ పక్కవాడి దగ్గరున్నదే తక్కువైంది.

తేలనివి

మందులు మానిపించబోమని సంఘాల నుంచి మాట తీసుకోవడం ఎలా అన్నది మొదటిది. పై అధికారం లేని స్వతంత్ర సంఘాలకు ఎవరు చెబితే వింటారు? ఏరియా ఆసుపత్రి వైద్యులు పాస్టర్ల సహవాసాలతో కూర్చుని మాట్లాడితే కొంత జరగొచ్చు. అలా కూర్చోవడమంటే మూఢనమ్మకానికి గుర్తింపు ఇవ్వడమేనని వైద్యుల్లోనే కొందరంటారు. వాళ్ల భయం అర్థమవుతుంది. నా మొగ్గు కూర్చోవడం వైపే. మాత్ర వేసి ప్రార్థన చేయమని పాస్టరు చెప్పే ఒక్క మాట, ఆసుపత్రి గోడ మీది పది పోస్టర్ల కంటే ఎక్కువ దూరం నడుస్తుంది.

హాస్టలా ఇల్లా అన్నది రెండోది. చట్టం ఇల్లే అంటుంది. రోజు కూలికి పోతే తప్ప పొయ్యి వెలగని ఇంట్లో, మంచానికి కట్టేసి పోవాల్సిన పరిస్థితి ఉన్న ఇంట్లో, ఆ సూత్రాన్ని తల్లికి ఎవరు చదివి వినిపిస్తారు?

మూడోది తల్లిదండ్రులందరూ అడిగేదే: మేం పోయాక వీడి సంగతేంటి? 1999 నాటి నేషనల్ ట్రస్ట్ చట్టం దీనికి ఒక దారి చూపింది. ఆటిజం, సెరిబ్రల్ పాల్సీ, బుద్ధిమాంద్యం, బహుళ వైకల్యం ఉన్నవాళ్లకు పద్దెనిమిదేళ్లు దాటాక కలెక్టరు ఉండే స్థానిక కమిటీ సంరక్షకుణ్ణి నియమిస్తుంది. ఆ సంరక్షకుడు బంధువు కావచ్చు, నమోదైన సంస్థ కావచ్చు. ఇరవై కుటుంబాల రేకుల షెడ్డు సంఘానికి అలాంటి నమోదు ఉండదు. పాస్టరు ఇంకో ఊరికి సేవకు మారిపోవచ్చు. అన్నదమ్ములు వలస పోయి ఉండొచ్చు. దరఖాస్తులో సంరక్షకుడి పేరు రాసే గడి ఒకటుంటుంది. వేలిముద్ర వేసే తల్లి పక్కన కూర్చుని, ఆ గడిలో ఎవరి పేరు రాయమంటావమ్మా అని సచివాలయం ఉద్యోగి అడుగుతాడు.